చామంతి పెంపకము

బంతి, పొద్దుతిరుగుడు, చామంతి ఇవి మూడును ఒకే కుటుంబమునకు చెందిన మొక్కలు. వీనిలో మనము పువ్వని పిలుచునది నిజమునకు ఒక పువ్వు గాదు. అనేకములైన చిన్నపువ్వులు ఒక పళ్లెమున గూర్చినట్లుండు గుత్తి. చామంతి ఱేకు నొకదానిని లాగి చూచినచో ఆ ఱేకే యొక పువ్వని తెలియును.

బంతి పూచి, విత్తు కట్టి, చచ్చును. చామంతియు నట్లే యని తలచి, పువ్వులు వాడగనే మొక్కను పెఱికి పాఱవైచువారు పెక్కుండ్రు. ఇది చూచినప్పుడెల్ల మాకు మిక్కిలి కష్టముగా నుండును. ఏలయన చామంతి బహువార్షికము. కొమ్మ యెండినను వేరు చావదు. పువ్వులైన పిదప కొమ్మలను నేలకు నాలుగంగుళముల యెత్తున కోసి, మితముగా నీరు పోయుచుండిన, మొదటినుండి పిలకలు బయలుదేఱును. రాబోవు సంవత్సరపు తోటకు కాసైనను వెచ్చింప నక్కఱలేదు. ఏప్రిలు, మే నెలల యెండకు మాత్రము వానిని కొంచెము నీడ పట్టున నుంచవలయును.

తొలకరి పడిన పిమ్మట జూన్, జూలై నెలలలో ఆ పిలకలను వేళ్లతో వేఱుచేసి, చివికిన పశువుల యెరువు కలిపిన నేలలో అడుగు దూరమున కొకటి చొప్పున నాటవలెను. దినమునకు ఆఱు గంటలైనను ఎండ తగులుచోటు కావలయును. నీరు నిలిచిన వేరు కుళ్లును. నాటిన నెల దినములకు ప్రతి మొక్క కొనను తుంచవలెను. దీనికి చేతులు రానివారిని మేమెఱుగుదుము. కాని కొన యున్నంతకాలము అది ప్రక్కమొగ్గలను పెరుగనీయదు. కొన పోయిన నాలుగైదు కొమ్మలు పుట్టును. ఆగస్టు దాటిన పిదప తుంచుట పూమొగ్గలను తుంచుటయే యగును.

ఇంత చేసినను కొందఱి యిండ్లలో చామంతి పచ్చగా నుండి, పూయదు. ఎరువు చాలలేదని మఱింత వేయుదురు, ఆకులే పెరుగును. కారణము తఱచుగా వీధిదీపము! దినపు నిడివిని బట్టి మొక్కలు పూయునని గార్నర్, అల్లార్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1920లో ప్రకటించిరి. మొక్క కొలుచునది పగటిని గాదనియు, ఎడతెగని రాత్రి చీకటిననియు తరువాత తెలిసెను. మన ప్రాంతమున జూన్ పగలు సుమారు 13 గంటలు, డిసెంబరు పగలు 11 గంటలు. ఈ కొంచెపు భేదమునే చామంతి యాకు గ్రహించి, రాత్రులు పెరుగగనే మొగ్గ తొడుగును. నడిరేయి దీపము వెలుగుచున్నచో దానికి రాత్రి పెరిగినట్లే తోచదు. పూలవర్తకులు ఆలస్యముగా పూయింప దలచినప్పుడు తోటలలో రాత్రులు దీపములు పెట్టించుట యీ కారణముననే.

కావున తొట్టి నైనచో చీకటి పెరటికి మార్చవలెను. నేలలో నాటినదైనచో సాయంకాలము ఆఱు గంటలకు నల్లని మందపు గుడ్డ కప్పి, సూర్యోదయమున తీయుచు, మొగ్గలు రంగు చూపువఱకును అట్లే చేయవలయును.