తీగచుట్టల టెలిస్కోపు

దక్షిణాకాశానికి రేడియో పటం గీయడానికి మారిషస్ ఎంచుకున్న చవక దారి, ఆ దారిలో ఎదురైన కష్టమైన లెక్కలు

మారిషస్ అనగానే మనకు గుర్తొచ్చేవి నీలి సముద్రం, హనీమూన్ ప్యాకేజీలు. కాస్త ఎరిగినవారైతే అది ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇచ్చే దేశమనీ, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడేననీ చెబుతారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఆ దీవి ఈశాన్య తీరాన, బ్రా దో అనే చోట, నల్లటి అగ్నిశిలల మధ్య వేరే సందడి నడిచింది. సముద్రానికి దగ్గరలో, తూర్పు నుంచి పడమరకు రెండు కిలోమీటర్లకు పైగా లోహపు తీగచుట్టలు వరసగా నిలబెట్టారు. 1992 నాటికి మారిషస్ రేడియో టెలిస్కోపు పనిలోకి దిగింది.

టెలిస్కోపు అంటే మన మనసులో మెదిలేది ఆకాశం వైపు తిరిగిన పెద్ద పళ్లెం. బ్రా దోలో అలాంటిదేమీ లేదు. పాత సోఫాలోంచి ఊడిన స్ప్రింగుల్ని పెంచి పెద్దవి చేసి, కాస్త దక్షిణానికి వంచి నిలబెట్టినట్టు ఉంటాయి ఆ యాంటెన్నాలు. తూర్పు–పడమర వరస పొడవు 2,048 మీటర్లు, అందులో 1,024 చుట్టలు. దాని మధ్య నుంచి దక్షిణానికి సాగిన 880 మీటర్ల చేతిలో పట్టాల మీద కదిలే 16 ట్రాలీలు, ట్రాలీకి నాలుగేసి చుట్టలు. పైనుంచి చూస్తే ఇంగ్లిషు టీ అక్షరం.

దేశమంతా కలిపి దాదాపు 2,040 చదరపు కిలోమీటర్లు. 650 చదరపు కిలోమీటర్ల నాటి జీహెచ్‌ఎంసీకి మూడింతలు, అంతే. జనాభా పన్నెండు లక్షల పైచిలుకు. 1968లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి చెరకు తప్ప చెప్పుకోదగ్గ ఆదాయం లేని దేశం. విశ్వవిద్యాలయం పుట్టిందే 1965లో. అలాంటి చోట ఖగోళ పరిశోధన అంటే ఎవరికైనా వచ్చే మొదటి అనుమానం, ఇంత డబ్బు ఎక్కడిదని. డబ్బు పెద్దగా అక్కర్లేని టెలిస్కోపును ఎంచుకోవడంలోనే వీళ్ల తెలివి ఉంది.

వచ్చి చూసి వెళ్లినవాళ్లు

ఆకాశం కోసం మారిషస్‌కు మనుషులు రావడం కొత్తేమీ కాదు. ఆఫ్రికా దక్షిణ కొసన కూర్చుని పదివేలకు దగ్గరగా నక్షత్రాల్ని లెక్కకెక్కించిన ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు లకాయ్, అటునుంచి 1753లో ఈ దీవికి వచ్చి దాని పటం గీశాడు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటినప్పుడు స్కాట్లండ్ నుంచి లార్డ్ లిండ్సే ఓడ నిండా పరికరాలతో వచ్చి బెల్మాంట్ అనే చోట దిగాడు. ఆయన వెంట వచ్చిన డేవిడ్ గిల్ అక్కడినుంచే జూనో అనే గ్రహశకలాన్ని కొలిచి సూర్యుడి దూరం లెక్కగట్టాడు. అదే రోజు అదే దృశ్యాన్ని మన విశాఖపట్నంలో, గోడే వెంకట జగ్గారావు కట్టించిన వేధశాల నుంచి ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు చూశారు. విశాఖలో చూసినవారు ఊరివారు. మారిషస్‌లో చూసినవారు పని ముగించుకుని పెట్టెలు సర్దుకున్నారు. దీవికి మిగిలింది తక్కువ.

బ్రా దోలో జరిగింది వేరు. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ, భారత ఖగోళ భౌతిక సంస్థ, మారిషస్ విశ్వవిద్యాలయం మూడూ కలిసి కట్టిన టెలిస్కోపు ఇది. పరికరాల పరిజ్ఞానం ఎక్కువగా ఇక్కడిదే. కానీ దాని మీద డాక్టరేటు చేసినవారిలో మారిషస్ పిల్లలున్నారు, దాన్ని నడిపినవారిలో మారిషస్ అధ్యాపకులున్నారు. ఆ తేడాకు విలువ ఎంతో ముందు ముందు తెలుస్తుంది.

హిందూపురం దాటి కర్ణాటకలోకి అడుగుపెడితే గౌరిబిదనూరు వస్తుంది. బెంగళూరు సంస్థలు రెండూ 1970లలో అక్కడ పొలాల మధ్య వెయ్యి డైపోల్ యాంటెన్నాలతో, అదే టీ ఆకారంలో ఒక టెలిస్కోపు కట్టాయి. 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర అది గీసిన ఆకాశపటం 1990లో వెలువడింది. గౌరిబిదనూరులో పనిచేసిన సి.హెచ్.వి. శాస్త్రి, ఎన్. ఉదయశంకర్ లాంటివారే మారిషస్ పనిలోనూ ముందున్నారు. అంటే బ్రా దోకు వెళ్లింది తీగా కేబుళ్లూ మాత్రమే కాదు, తక్కువ ఖర్చుతో పెద్ద వైశాల్యాన్ని ఆక్రమించడం ఎలాగో అప్పటికే చేసి చూసినవారి అనుభవం.

ఆ చోటే ఎందుకు?

కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు 151 మెగాహెర్ట్జ్ దగ్గర ఉత్తరాకాశాన్ని జల్లెడ పట్టి 6సి అనే జాబితా తయారు చేశారు. దక్షిణాకాశానికి అప్పటికి ఆ స్థాయి జాబితా లేదు. పాలపుంత నడిబొడ్డు ఉన్నది దక్షిణాకాశంలోనే. హైదరాబాద్ నుంచి చూస్తే అది దక్షిణ దిక్కున సగం ఎత్తుకే వచ్చి దిగిపోతుంది. 20 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో ఉన్న బ్రా దోలో దాదాపు నడినెత్తికి వస్తుంది. చుట్టూ సముద్రం, పరిశ్రమలు తక్కువ, రేడియో గోల తక్కువ. అంతర్జాతీయ ఒప్పందాల ప్రకారం ఆఫ్రికా, ఐరోపా ఉన్న ప్రాంతంలో 150.05 నుంచి 153 మెగాహెర్ట్జ్ దాకా పట్టీని ఖగోళ శాస్త్రానికి కేటాయించారు. మారిషస్ టెలిస్కోపు వినేది 151.5 మెగాహెర్ట్జ్, ఆ పట్టీకి సరిగ్గా నడుమ.

ఈ అంకెలోనే చవకదనపు గుట్టు ఉంది. 151.5 మెగాహెర్ట్జ్ అంటే తరంగం పొడవు రెండు మీటర్లు. టెలిస్కోపు ఉపరితలం తరంగదైర్ఘ్యంలో ఇరవయ్యో వంతు దాకా అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. సెంటీమీటర్ తరంగాలు పట్టే పళ్లేనికి మిల్లీమీటర్ కన్నా తక్కువ తేడాతో నునుపు కావాలి, దాన్ని తిప్పే భారీ యంత్రాలు కావాలి. రెండు మీటర్ల తరంగానికి తీగ చాలు. తుపాన్లు కొట్టే దేశంలో గాలికి ఎదురు నిలిచే పెద్ద పళ్లెం కన్నా గాలిని తనలోంచి పోనిచ్చే తీగచుట్ట మేలు కూడా. పైగా చుట్ట ఆకారం వల్ల తరంగం ఏ వాలున వచ్చినా ఇంచుమించు ఒకేలా అందుతుంది. అయానావరణం గుండా వచ్చే దీర్ఘ తరంగాలు దారిలో మెలితిరిగిపోతాయి కాబట్టి ఇది చిన్న లాభం కాదు.

దక్షిణపు చేతి సంగతి ఇంకా బాగుంటుంది. 880 మీటర్ల పొడవునా యాంటెన్నాలు పాతాలంటే వాటి వెనక కేబుళ్లు, రిసీవర్లు, అన్నీ కొనాలి. అందుకు బదులు 16 ట్రాలీలతో సరిపెట్టారు. ఇవాళ ఒక చోట నిలిపి ఆకాశాన్ని నమోదు చేయడం, మర్నాడు ట్రాలీల్ని కాస్త జరిపి మళ్లీ నమోదు చేయడం. దూరపు నక్షత్ర మండలాలు రాత్రికి రాత్రి మారిపోవు కదా. తరంగంలో సగానికి, అంటే మీటరుకొక కొలత చొప్పున తీసుకోవాలి. 880ని 16తో భాగిస్తే 55. తక్కువలో తక్కువ అన్ని రోజుల కొలతలు చేరితే తప్ప ఒక బొమ్మ పూర్తి కాదు. సూర్యుడు ఆకాశంలో ఉంటే ఆ రేడియో వెలుగు మిగతావాటిని ముంచెత్తుతుంది, అందుకని రాత్రి దక్కిన ఆకాశమే పనికొచ్చేది. ఏడాదిలో రుతువు మారేకొద్దీ రాత్రి ఆకాశం మారుతుంది. ఆ లెక్కన మొత్తం దక్షిణాకాశానికి ఏళ్లు పట్టింది. 1964లో రైళ్లకు పూర్తిగా స్వస్తి చెప్పిన దేశంలో మళ్లీ పట్టాలు పరిచి, వాటి మీద ఆకాశాన్ని మీటరు మీటరుగా కొలిచారు.

కొలత అంటే ఇక్కడ ఏమిటో కూడా చెప్పుకోవాలి. 1,024 చుట్టల్ని 32 చొప్పున 32 గుంపులు చేశారు. ప్రతి గుంపు సంకేతాన్నీ ప్రతి ట్రాలీ సంకేతంతోనూ జతచేసి పోల్చాలి. 32ను 16తో గుణిస్తే 512 జతలు. ప్రతి జతకూ రెండు కొలతలు కావాలి గనక కొరిలేటర్ యంత్రంలో 1,024 దారులు. ఆకాశం నుంచి వచ్చిన సంకేతాన్ని ఆ యంత్రం ఎంత వివరంగా రాసుకుంటుందనుకున్నారు? కేవలం మూడు విలువలు: ధన, సున్నా, రుణ. అంతే. అంత మోటు నమోదు నుంచి, కోట్లాది నమూనాలు పోగుచేసి సగటు తీస్తే, చందమామ వెడల్పులో ఏడో వంతు దాకా వివరం పట్టే బొమ్మ వస్తుంది. డబ్బు తగ్గించిన ప్రతిచోటా వీళ్లు కాలాన్నీ గణితాన్నీ పెట్టుబడి పెట్టారు.

ఎగుడుదిగుడు నేల నేర్పిన పాఠం

నేల మాత్రం వీళ్ల మాట వినలేదు. ఇలాంటి టెలిస్కోపుకు యాంటెన్నాలన్నీ ఒకే తలంలో ఉంటే లెక్క సులువు. బ్రా దో లావా నేల మిట్టపల్లాలమయం. దాన్ని చదును చేయాలంటే చాలా ఖర్చవుతుంది. అందుకని ఒక గుంపులోని 32 చుట్టల్నీ ఒకే మట్టంలో పెట్టి, గుంపులు మాత్రం ఏ ఎత్తున ఉంటే ఆ ఎత్తున వదిలేశారు. ఒక్కో గుంపు ఎత్తునూ లెక్కలో విడిగా కలుపుకుంటూ బొమ్మ కట్టే పద్ధతులు తయారుచేసుకోవలసి వచ్చింది.

ఆ పద్ధతుల మీద మారిషస్‌లోనే పరిశోధన చేసి డాక్టరేటు పొందిన కుమార్ గోలప్ తర్వాత అమెరికా జాతీయ రేడియో ఖగోళ వేధశాలలో చేరారు. 2008లో టిమ్ కార్న్‌వెల్, సంజయ్ భట్నాగర్‌లతో కలిసి ఆయన ప్రచురించిన డబ్ల్యూ-ప్రొజెక్షన్ అనే పద్ధతి, ఒకే తలంలో లేని యాంటెన్నాల నుంచి సరైన బొమ్మ తీయడానికి ఇవాళ ప్రపంచమంతా వాడే వాటిలో ఒకటి. కుర్రతనంలో ఆయన కుస్తీ పట్టిన సమస్యకు అది దగ్గరి చుట్టమే. చదునైన నేల దొరికి ఉంటే ఏమయ్యేదో ఊహించడం నాకు సరదాగా ఉంటుంది.

ఇంకో ముచ్చట. టెలిస్కోపు తీసిన బొమ్మల్లో నక్షత్ర మండలాలు తామున్న చోటికి కాస్త పక్కన కనిపిస్తున్నాయని, ఆ తేడా ఒక క్రమంలో ఉందని తేలింది. అరవింద్ నాయక్ బృందం ఇతర జాబితాలతో బొమ్మల్ని సరిపోల్చి 2010లో కారణం పట్టుకుంది. తూర్పు–పడమర కొలతలో మీటరుకు దాదాపు ఒక మిల్లీమీటరు తప్పు ఉంది. మీటరుకు ఒక మిల్లీమీటరంటే గోడ కట్టే మేస్త్రీ కూడా పట్టించుకోడు. కిలోమీటరు పోయేసరికి అది ఒక మీటరు, అంటే తరంగంలో సగం. నేల మీద కొలత టేపులు చేసిన తప్పును, ఆకాశంలో కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న వెలుగుల్ని చూసి దిద్దారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

జాబితా పాతబడింది. మరి?

నిజం దాచాల్సిన పనిలేదు. ఆకాశంలో దాదాపు పన్నెండో వంతు భాగానికి తయారైన తొలి జాబితాలో 2,782 రేడియో మూలాలున్నాయి. పదేళ్లు తిరిగాయో లేదో, 2017లో ఆస్ట్రేలియా ఎడారిలోని మర్చిసన్ వైడ్‌ఫీల్డ్ అరే ఇంచుమించు అదే పౌనఃపున్యాల్లో 3,07,455 మూలాల జాబితా ఇచ్చింది. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ 150 మెగాహెర్ట్జ్ దగ్గర చూపింది ఆరు లక్షలకు పైగా. పటం విషయంలో మారిషస్ పని వెనకపడిపోయింది, ఆలస్యంగా రావడం కూడా అందుకు ఒక కారణం. ఏళ్ల తరబడి పోగైన కొలతల్ని బొమ్మలుగా మార్చే చేతులు తక్కువ. చిన్న దేశపు అసలు ఇబ్బంది ఇక్కడే. తీగ కొనగలరు, పట్టాలు వేయగలరు. ఐదుగురు ఆరితేరినవారిని ఇరవై ఏళ్లపాటు ఒకే పని మీద ఉంచే ఉద్యోగాలు మాత్రం ఒక్క విశ్వవిద్యాలయం నుంచి రావు. గోలప్ అమెరికాకు వెళ్లడం ప్రపంచానికి లాభమే. మారిషస్ లెక్కలో దాన్ని ఏ పద్దులో వేయాలో చెప్పడం కష్టం.

ఘనా వేరే దారి తొక్కింది. రాజధాని అక్రా దగ్గర కుంటున్సేలో ఉపగ్రహ సమాచారం కోసం వాడి మూలన పడేసిన 32 మీటర్ల డిష్‌ను దక్షిణాఫ్రికా సాయంతో రేడియో టెలిస్కోపుగా మార్చి 2017లో ప్రారంభించింది. కట్టడం తప్పింది గానీ, దాన్ని నడిపే మనుషుల సమస్య అక్కడా ఉంది. దానికోసమే ఆఫ్రికా దేశాల విద్యార్థులకు శిక్షణ ఇచ్చే పథకాలు వచ్చాయి. మారిషస్ కూడా వాటిలో ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద రేడియో టెలిస్కోపు ఎస్‌కేఏను దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల్లో కట్టాలని 2012లో నిర్ణయించినప్పుడు దక్షిణాఫ్రికా పక్కన నిలిచిన ఎనిమిది దేశాల్లో మారిషస్ ఒకటి.

ఆ ఎస్‌కేఏలో తక్కువ పౌనఃపున్యాల భాగం ఆస్ట్రేలియాలో లేస్తోంది. 50 నుంచి 350 మెగాహెర్ట్జ్ దాకా వినే 1,31,072 లోహపు యాంటెన్నాలు, ఒక్కొక్కటి రెండు మీటర్ల ఎత్తు. పళ్లేలు లేవు, తిప్పే యంత్రాలు లేవు. చవక యాంటెన్నాల్ని నేలంతా పరిచి, కష్టమంతా కంప్యూటర్ల మీదకు నెట్టడమే పద్ధతి. బ్రా దో వాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

మారిషస్ విశ్వవిద్యాలయంలో గిరీశ్ కుమార్ బిహారీ బృందం దక్షిణాఫ్రికాలోని డర్బన్ సాంకేతిక విశ్వవిద్యాలయంతో కలిసి మిత్ర అనే మరో టెలిస్కోపుకు పూనుకుంది. ఈసారి 200 నుంచి 800 మెగాహెర్ట్జ్. పెరట్లో పాత టీవీ యాంటెన్నాల్ని తలపించే లాగ్ పీరియాడిక్ డైపోళ్లు కొన్ని డర్బన్‌లో, కొన్ని బ్రా దోలో. నడుమ హిందూ మహాసముద్రం.