కారుకు కొత్త చొక్కా తొడుగుదామనుకుంటే...

అచ్చంపేట బస్టాండ్ దగ్గర మా కారు ఆగితే చాలు, ఎవరో ఒకరు కిటికీలోకి వంగి "అన్నా, శ్రీశైలం వస్తవా?" అని అడుగుతారు. తప్పు వాళ్లది కాదు. మాది తెల్ల డిజైర్. ఈ రోడ్డు మీద తిరిగే కిరాయి కార్లు చాలావరకు అలాగే ఉంటాయి. నంబర్ ప్లేటు పసుపుదా, తెల్లదా అని ఎవరు చూస్తారు?

నాన్నకు ఇదంతా నవ్వులాట. నాకేమో నామోషీ. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఫోన్ తెరిస్తే చాలు, మెరవని ముదురు బూడిద రంగులోకి మారిపోయిన కార్ల వీడియోలు. పెయింట్ కాదు, వినైల్ ర్యాప్. అంటే కారు మొత్తానికి అంటించే ప్లాస్టిక్ పొర. వద్దనుకున్న రోజు పీకేస్తే కింద పాత రంగు భద్రంగా ఉంటుందట. "ఈసారి ఊరికి వచ్చినప్పుడు కారు రంగు మార్పిస్తా" అని ఫోన్‌లో చెప్పా. "తెల్లగుంటే ఏమైతదిరా నీకు?" అన్నాడు నాన్న. అయినా నేను వినలేదు.

జర్మనీ ట్యాక్సీల దగ్గర మొదలు

ఈ ర్యాప్‌ల చరిత్రలో కూడా ట్యాక్సీలే ఉన్నాయని తెలిసి నవ్వొచ్చింది. జర్మనీలో ఒకప్పుడు ట్యాక్సీలన్నీ లేత దంతపు రంగులోనే ఉండాలని రూలు. ఆ రంగు కారును తర్వాత మామూలు జనం కొనాలంటే వెనకాడేవాళ్లు. అందుకే 1993లో కేపీఎంఎఫ్ అనే కంపెనీని పెయింట్‌కు బదులు వాడే ఫిల్మ్ తయారు చేయమని అడిగారు. ట్యాక్సీగా నడిపినన్నాళ్లు ఫిల్మ్, అమ్మేటప్పుడు పీకేస్తే అసలు రంగు. వాళ్లు కారును ట్యాక్సీలా మార్చడానికి వాడితే, నేను ట్యాక్సీలా కనబడకుండా ఉండటానికి వాడదామనుకున్నా.

మన ఊళ్లలో ఆటోల మీద, ట్రాక్టర్ల మీద రేడియం షాపువాళ్లు అంటించే స్టిక్కర్లకు ఇది పెద్దన్న లాంటిది. కానీ స్టిక్కర్ షీటుతోనే కారంతా చుట్టేస్తామంటే కుదరదు.

దోశ, చపాతీ లెక్క

వినైల్‌లో రెండు రకాలు. ఒకటి రోలర్ల మధ్య నొక్కి సాగదీసింది, దీన్ని క్యాలెండర్డ్ అంటారు. రెండోది ద్రవంగా పోసి ఆరబెట్టింది, ఇది క్యాస్ట్. వంటింటి భాషలో మొదటిది చపాతీ, రెండోది దోశ. చపాతీ ఒత్తి వదిలితే కాస్త వెనక్కి ముడుచుకుంటుంది కదా, క్యాలెండర్డ్ ఫిల్మ్ కూడా ఎండకు అలాగే అంచుల దగ్గర ముడుచుకుంటుంది. దోశకు ఆ బాధ లేదు, పోసిన ఆకారంలోనే ఉంటుంది. కారు మొత్తానికి క్యాస్ట్ వినైలే వేయించుకోవాలి. ధర ఎక్కువే. నేను హైదరాబాద్‌లో అడిగితే మా కారు సైజుకు 55 వేల నుంచి లక్షా 20 వేల దాకా చెప్పారు.

పని రెండు మూడు రోజులు పడుతుంది. ముందు కారును శుభ్రంగా కడగాలి, మైనం, జిడ్డు లేకుండా స్పిరిట్‌తో తుడవాలి. హ్యాండిళ్లు, లోగోలు విప్పాలి. ఐదడుగుల వెడల్పు రోల్ నుంచి ముక్క కోసి, వేడిగాలి గన్‌తో మెత్తబరుస్తూ, చేతిపలకతో గాలి బయటకు తోస్తూ అంటించాలి. బంపర్ వంపుల్లో సాగిన ఫిల్మ్ మళ్లీ పాత ఆకారానికి పోవాలని చూస్తుంది. చివర్లో దాదాపు 90 డిగ్రీల వేడి తగిలిస్తేనే కొత్త ఆకారంలో కుదురుకుంటుంది. ఈ ఆఖరి పని ఎగ్గొడితే రెండు మూడు నెలల్లో అంచులు లేస్తాయి.

ఇంకో దారి, పీకేసే పెయింట్. ప్లాస్టి డిప్ లాంటి రబ్బరు పూతను గన్‌తో పొరలు పొరలుగా కొడతారు. పొర మందంగా ఉంటే పాల మీద మీగడలా మొత్తం ఒకేసారి వస్తుంది, పల్చగా కొడితే గోరుతో గీకుతూ కూర్చోవాలి. పైగా ట్యాంకు మూత దగ్గర పెట్రోల్ ఒలికితే ఆ పూత పాడవుతుంది. ఖర్చు తక్కువ, మన్నిక కూడా తక్కువ.

ఆర్సీలో ఏ రంగు ఉంది?

కారు రంగు మన ఇష్టం, కానీ ఆర్సీలో రాసి ఉన్నది ప్రభుత్వం లెక్క. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 వాహనంలో చేసే మార్పుల గురించే. ముందు రవాణా శాఖ అనుమతి తీసుకుని, మార్చాక ఆర్సీలో కొత్త రంగు ఎక్కించుకోవడం మంచిది. ఫైనాన్స్ ఉన్న బండైతే వాళ్ల రాతపూర్వక అంగీకారం కూడా కావాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక మాట చెప్పాలి. "పెయింట్ కాదు సార్, స్టిక్కరే" అంటే ఆపిన పోలీసు నవ్వుతాడేమో గానీ, ఆర్సీలో తెలుపు, ఎదురుగా బూడిద రంగు ఉంటే అనుమానం రావడం సహజం. ఆలివ్ గ్రీన్ మాత్రం అసలు వద్దు. అది సైన్యం వాహనాల రంగు.

మీటరు చెప్పిన నిజం

ఆ శనివారం కారును నేనే హైదరాబాద్ తీసుకెళ్లా. ర్యాప్ చేసే కుర్రాడు ఫిల్మ్ ముట్టుకోకముందే చిన్న మీటరు తీసి ఒక్కో రేకు మీద పెట్టడం మొదలుపెట్టాడు. అది పెయింట్ మందం కొలిచేది. బానెట్ 110 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ముందు డోర్ 115. ఎడమవైపు వెనక డోర్ దగ్గర ఆగాడు. 340.

"అన్నా, ఈ డోర్‌కు లప్పం పెట్టి మళ్లీ పెయింట్ కొట్టిండ్రు. దీని మీద ఫిల్మ్ వేస్తే, పీకేటప్పుడు పెయింట్ కూడా ఊడొచ్చే ప్రమాదం ఉంది. కంపెనీ పెయింట్‌కైతే భయం లేదు" అన్నాడు.

అసలు రంగు కింద భద్రంగా ఉంటుందనే మాట కంపెనీ పెయింట్‌కే వర్తిస్తుందన్నమాట. కానీ అప్పుడు నా బుర్రలో తిరుగుతున్నది అది కాదు. ఆ డోర్‌కు ఎప్పుడు దెబ్బ తగిలింది? నాకెందుకు తెలియదు?

నాన్నకు ఫోన్ చేశా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. పోయిన చలికాలం పక్కింటాయనను దోమలపెంట నుంచి తీసుకొస్తుంటే, అడవిలో చీకట్లో జింక అడ్డం వచ్చిందట. తప్పించబోతే డోర్ రోడ్డు పక్క రాయికి గీసుకుంది. "నీకు చెప్తే రాత్రిపూట బండి తియ్యొద్దంటవు. అందుకే చెప్పలే" అన్నాడు.

ఆయనకు 61 ఏళ్లు. ఎదురుగా లైట్లు పడితే కళ్లు మసకేస్తున్నాయని కూడా అప్పుడే చెప్పాడు. నేను కారు పైరంగు గురించి ఆర్నెల్లు వీడియోలు చూశా. అది నడిపే మనిషి కళ్ల గురించి ఒక్కసారి కూడా అడగలేదు.

చివరికి ఏం చేశామంటే

మా కారు నంబరు ఇంకా ఏపీ 22తోనే మొదలవుతుంది. 2013 బండి. 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ 2028తో ముగుస్తుంది. ఎండకు నేరుగా ఎదురయ్యే బానెట్, టాప్ మీద ఫిల్మ్ మూడేళ్లకే వెలిసిపోవచ్చు. మన నల్లమల ఎండలు, చెట్ల జిగురు, శ్రీశైలం దారిలో బానెట్ ఎక్కి కూర్చునే కోతుల గోళ్లు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. ఈ బండికి లక్ష పెట్టడం దండగ అనిపించింది.

ఆ డబ్బులో కొంత పెట్టి నాలుగు టైర్లు మార్పించాం. పచ్చబడ్డ హెడ్‌లైట్లు పాలిష్ చేయించాం. నాన్నను కంటి డాక్టర్‌కు చూపించాం. శుక్లం మొదలైందన్నారు. చీకటి పడ్డాక బండి తీయనని ఒప్పుకున్నాడు. చివరగా అచ్చంపేట రేడియం షాపులో వెనక బంపర్‌కు ఎర్ర రేడియం పట్టీ వేయించాం, రెండు వందలు. మా ర్యాపింగ్ అంతే.

మీరు కొత్త బండికి రంగు మార్పించుకోవాలనుకుంటే నిశ్చింతగా చేయించుకోండి. ముందు మీటరు పెట్టించండి, క్యాస్ట్ ఫిల్మేనా అని అడగండి, ఆర్సీ సంగతి చూసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో ర్యాప్ వేసిన కారు కొంటుంటే ఒక మూల పొర లేపించి కింద ఏముందో చూడండి.

పోయిన ఆదివారం బస్టాండ్ దగ్గర మళ్లీ ఒక ముసలామె కిటికీలోకి వంగింది. "రంగాపూర్ దాకా వస్తవా బిడ్డా?" నేను నోరు తెరిచేలోపే నాన్న వెనక డోర్ తెరిచాడు. అదే, 340 మైక్రాన్ల డోర్.