'బాయ్' అన్న పిలుపు వెనుక

పీటర్ అబ్రహామ్స్ నవల 'మైన్ బాయ్' (1946) చదివి, చివరి సమ్మె ఘట్టాన్ని మెచ్చుకుని, ప్రేమకథను పక్కన పెట్టేయడం తేలిక. అది సబబు కాదని నా అభిప్రాయం. ఆ నవల రాజకీయమంతా ప్రేమలోనే మొదలవుతుంది.

ముందు పేరు చూద్దాం. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో నల్ల కార్మికుడు ఎంత వయసువాడైనా తెల్ల యజమానికి 'బాయ్'. నలుగురి మీద మేస్త్రీని చేస్తే 'బాస్ బాయ్'. దీన్ని 'కుర్రాడు' అని తెనిగిస్తే ముద్దు మిగిలి అవమానం పోతుంది. తండ్రి వయసున్న పాలేరును దొర కొడుకు 'ఏరా' అన్నప్పటి ధ్వని అందులో ఉంది.

ఈ పిలుపుకు ఆర్థిక పునాది ఉంది. 1913 భూచట్టం ఆఫ్రికన్లకు దేశంలో దాదాపు 7 శాతం నేలనే మిగిల్చింది. గుడిసె పన్ను, తలపన్ను మాత్రం డబ్బుగానే కట్టాలి. డబ్బు కావాలంటే గనికి పోవాలి. గని కాంపౌండులోకి భార్యాబిడ్డలు రాకూడదు. నగరంలో తిరగాలంటే పాసు ఉండాలి. పల్లెలోని చారెడు నేల అతని సంసారాన్ని పోషిస్తుందన్న సాకుతో కూలి తగ్గించారు. యాజమాన్యం అతని కండలను కొన్నది. అతడు భర్త, తండ్రి అన్న సంగతి దాని లెక్కలోకి రాలేదు.

ఉత్తరాది పల్లె నుంచి జొహానెస్‌బర్గ్ చేరిన జూమా తన మగతనాన్ని మొదట కండబలంలో వెతుక్కుంటాడు. ఆ బలం అతన్ని బాస్ బాయ్‌ను చేస్తుంది. అయినా 'బాయ్' అన్న మాట అతన్ని వదలదు. తర్వాత ఎలిజా ప్రేమలో వెతుక్కుంటాడు. ఆమె పంతులమ్మ. అతన్ని ప్రేమిస్తూనే, తెల్లవాళ్లు బతికే బతుకు కోసం కొట్టుకులాడి, చివరకు వదిలి వెళ్లిపోతుంది. ఆమెను నిలకడలేని మనిషిగా చదవడం అన్యాయం. తెల్ల చర్మానికి మాత్రమే దక్కే మర్యాదను ఆమె కోరుకుంది. వర్ణభేదం వాళ్ల పడకటింట్లోకి కూడా జొరబడింది.

జూమాకు ఆ నగరంలో మొదట చోటిచ్చింది లియా. మలే క్యాంపులో చట్టం కళ్లుగప్పి బీరు అమ్ముకునే ఆమె, ముక్కూమొహం తెలియని అతన్ని ఇంట్లోకి రానిచ్చింది. ఆ బీరు కోసమే తర్వాత ఆమెకు తొమ్మిది నెలల జైలు పడుతుంది.

గనిలో ప్రమాదం జరిగి జొహానెస్, అతని పైనున్న తెల్లవాడు క్రిస్ చనిపోతారు. జూమా, అతనితోపాటు మిగతా కార్మికులు లోపలికి దిగమంటారు. తెల్లవాడైన ప్యాడీ వాళ్ల పక్కన నిలిచి అరెస్టవుతాడు. మొదట పారిపోయిన జూమా తనంత తానుగా పోలీసుల దగ్గరికి బయలుదేరతాడు. ఇక్కడ మగతనం పక్కవాడి పట్ల బాధ్యతగా మారుతుంది. తనవాళ్లెవరో అతనికి తెలిసింది అప్పుడే. అదే ఏడాది ఆగస్టులో 60 వేలకు పైగా ఆఫ్రికన్ గని కార్మికులు నిజంగానే సమ్మె కట్టారు. పోలీసులు దాన్ని నెత్తుటితో అణచివేశారు.

అయితే నవలలో ఒక వెలితి ఉంది. జూమా జైలుకు పోతే అది పోరాటం, లియా పోతే అది కష్టం. మైసీ పనల్లా అతని కోసం ఎదురుచూడడం. ఈ తేడాను రచయిత ప్రశ్నించలేదు. కార్మికుడు 'బాయ్' నుంచి మనిషిగా ఎదిగే కథలో స్త్రీకి ఎదురుచూపే మిగలాలా? శ్రామిక జీవితాన్ని కథగా మలచబోయే మన రచయితలు కలం పట్టే ముందే ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలి.