తొమ్మిది మందికీ చట్టం ఉంది

కార్వాన్‌లోనూ, పక్కనే టప్పాచబుత్రా, జియాగూడల్లోనూ ఇంటి కింది గదుల్లో నడిచే కార్ఖానాల దగ్గర కనీస వేతనం మాటెత్తితే సేఠ్ అయినా కారీగర్ అయినా చెప్పేది ఒకటే: అవన్నీ పెద్ద కంపెనీలకు, ఇక్కడ పది మంది కూడా లేరు. ఈ అపోహ ఊరికే పుట్టలేదు. ఈఎస్‌ఐకి పది మంది ఉండాలి, పీఎఫ్‌కు ఇరవై మంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో, కరెంటు వాడే యూనిట్ ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే ఇదివరకటి పది కాస్తా ఇరవై అయింది. తొమ్మిది మంది ఉన్నచోట సేఠ్ తనంతట తాను చేరితే తప్ప ఈఎస్‌ఐ దవాఖానా దక్కదు. ఇది చట్టంలోని లోపమే. అయితే ఆ లోపాన్ని కూలికి కూడా అంటగట్టడమే పొరపాటు. వేతనాల కోడ్ తలలు లెక్కపెట్టదు. పనివాడు ఒక్కడే ఉన్నా కనీస వేతనం ఇవ్వాల్సిందే.

పీసు రేటువాళ్ళకు కనీస వేతనమేమిటి అంటారు. పీసుకు రేటు ప్రభుత్వం ఖరారు చేయకుండా రోజు కూలి మాత్రమే ఖరారు చేసినచోట, పీసుల లెక్క ఎంత తేలినా ఆ రోజు కూలికి తగ్గకూడదని కోడ్ చెబుతోంది. అడ్వాన్సు తీసుకున్నాడు కాబట్టి తీరేదాకా కదలకూడదన్నది అంతకన్నా పాత అపోహ. బాకీ పేరుతో మనిషిని పనికి కట్టిపడేయడాన్ని వెట్టిగా లెక్కగట్టి, 1976 చట్టం ఆ బాకీనే రద్దు చేసింది. ఇక మిగిలేది రుజువు. శనివారం సాయంత్రం చిట్టీ మీద పెన్సిల్‌తో ఇన్ని డజన్లని రాసి, డబ్బు చేతిలో పెట్టి, ఆ చిట్టీ సేఠ్ జేబులోకే పోతే కారీగర్ దగ్గర ఏముంటుంది? ఏమీ ఉండదు. అందుకే కూలి ఇవ్వలేదన్న కేసులో, ఇచ్చానని చూపించాల్సిన బాధ్యత యజమానిదేనని వేతనాల కోడ్ 59వ సెక్షన్ అంటోంది. కేసు వేయడానికి మూడేళ్ళ గడువూ ఉంది.

కనీస కూలి ఇస్తే కార్ఖానా మూతపడుతుందన్న సేఠ్ మాటను కొట్టిపారేయలేం. హోల్‌సేల్ వ్యాపారి రేటు పెంచడు, పక్క గల్లీ వాడు తక్కువకు చేసిస్తానంటాడు. అయితే ఆ భయం ఒక్క కార్ఖానాయే కూలి పెంచినప్పటిది. గల్లీ మొత్తానికీ ఒకటే రేటు ఉంటే, సరిగ్గా ఇచ్చినవాడు నష్టపోడు. దానికి కావలసింది సంఘం. యూనియన్ అంటే ఒకే గేటు లోపల వందల మంది ఉండాలనుకోవడం మరో అపోహ. ఏడుగురు సంతకం చేస్తే రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. ఆ పరిశ్రమ కార్మికుల్లో పదో వంతు మందో, వంద మందో, ఏది తక్కువైతే అంతమంది సభ్యులు కావాలి. వాళ్ళు ఇరవై కార్ఖానాల్లో చెదిరి ఉన్నా ఫరవాలేదు. బయటి నాయకులొచ్చి చెడగొడతారంటారు. అసంఘటిత రంగ సంఘంలో కనీసం సగం పదవులు ఆ పని చేసేవాళ్ళకే దక్కాలన్నది నియమం.

అడిగితే రేపు పనిలోకి రావద్దంటారన్న భయం మాత్రం అపోహ కాదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని కార్మిక శాఖ కార్యాలయానికి కారీగర్ వెళ్ళాడంటే ఒక రోజు పీసులు పోయినట్టే, ఎక్కడికి వెళ్ళాడో సాయంత్రానికల్లా సేఠ్‌కు తెలిసినట్టే. సభ్యుడి తరఫున రిజిస్టరైన సంఘం కూడా ఫిర్యాదు వేయవచ్చు. అప్పుడు క్రాస్‌రోడ్స్ దాకా పోయేది సంఘం మనిషి. కారీగర్ ఆ రోజు మిషన్ ముందే ఉంటాడు.