పిల్లులకు అనువైన స్నానాల గది

పిల్లులకు అనువైన స్నానాల గది అనగా ఇంటివారి స్నానానికీ, పెంపుడు పిల్లి మలమూత్ర విసర్జనకూ వీలు కల్పించే గది. 1947లో అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ లో తేమను పీల్చే బంకమట్టిని ఇందుకు ప్రవేశపెట్టాక పిల్లి మట్టితొట్టెను ఇంటిలోపల ఉంచడం సులువైంది. తొట్టె పిల్లి దేహానికి ఒకటిన్నర రెట్ల పొడవుండాలి, నీళ్లు చిందని మూలన ఉండాలి. తలుపు ఎప్పుడూ మూసి ఉంచే అలవాటు పిల్లికి గిట్టదు కనుక అడుగున చిన్న రెక్కతలుపు అమర్చుతారు.

అన్నిటికంటే ముఖ్యమైనది నేల శుభ్రత. తెలుగువారి ఇళ్లలో పరిచితమైన నల్ల ఫినాయిల్‌లో ఫినాల్ జాతి రసాయనాలుంటాయి. వీటిని పిల్లి కాలేయం సరిగా విచ్ఛిన్నం చేయలేదు. తడినేలపై నడిచి పాదాలు నాకినా విషం సోకవచ్చు. మూత్రం పడినచోట బ్లీచింగ్ పొడి చల్లితే మనుషులకూ హానికరమైన క్లోరమిన్ వాయువులు వెలువడతాయి. సబ్బునీటితో కడిగి ఆరనివ్వడం క్షేమం. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి మలంలో ఒకటి నుండి ఐదు రోజులకు సోకే స్థితికి చేరుతుంది. అందువలన తొట్టెను రోజూ శుభ్రపరచాలి, గర్భిణులు ఆ పని చేయరాదు.