అన్‌లాక్ ఫోన్‌కి మళ్లీ తాళం పడుతుందా?

మొన్న రాత్రి మా పిన్ని కొడుకు వాళ్ల నాన్న ఫోన్ నుంచి కాల్ చేశాడు. 'అన్నయ్యా, ఆర్నెల్ల కింద అమెరికా ఐఫోన్ 13 సెకండ్ హ్యాండ్‌లో కొన్నా కదా. అన్‌లాక్డ్ అనే ఇచ్చారు. నిన్న అప్‌డేట్ చేశాక సిమ్ పనిచేయట్లేదు. అక్కడి కంపెనీ మళ్లీ లాక్ చేసేసిందా?' ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ మొత్తం పెట్టి కొన్న ఫోన్ అది.

సిమ్ ట్రే బయటికి తీయమన్నా. సిమ్‌కి పల్చటి చిప్ ఒకటి అంటించి ఉంది. విషయం అర్థమైంది. ఆ ఫోన్ మళ్లీ లాక్ కాలేదు, అసలు దాని లాక్ ఎప్పుడూ తీయలేదు. లోపల ఉన్నది సొంత కంపెనీ సిమ్మే అని ఫోన్‌ని నమ్మించడమే ఆ చిప్ పని. అప్‌డేట్‌తో ఆ దారి మూసుకుపోయింది. ఇది కొత్తేమీ కాదు. 2007 సెప్టెంబర్‌లో మొదటి ఐఫోన్‌కి 1.1.1 అప్‌డేట్ వచ్చినప్పుడు, హ్యాక్ చేసి అన్‌లాక్ చేసుకున్న ఫోన్లు చాలా మూలనపడ్డాయి.

మరి కంపెనీయే అధికారికంగా తీసిన లాక్ సంగతి? పాత ఫోన్లలో ఒక కోడ్ కొడితే లాక్ పోయేది, అంతటితో సరి. ఐఫోన్‌లో లెక్క వేరు. ఏ ఐఎంఈఐకి లాక్ ఉందో, ఏదానికి లేదో యాపిల్ సర్వర్‌లో రాసి ఉంటుంది. ఫోన్‌ని మొత్తం చెరిపి మళ్లీ యాక్టివేట్ చేసినప్పుడు అది సర్వర్‌ని అడుగుతుంది. అంటే తాళంచెవి మన జేబులో లేదు. టెక్నికల్‌గా తాళం మళ్లీ పడొచ్చు. కానీ బాకీ తీరి, కంపెనీ శాశ్వతంగా అన్‌లాక్ చేసిన ఫోన్ జోలికి మామూలుగా ఎవరూ రారు.

చిక్కంతా 'శాశ్వతంగా' అన్న మాట దగ్గరే. అమెరికాలో టీ-మొబైల్ కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకి 30 రోజుల తాత్కాలిక అన్‌లాక్ ఇచ్చేది. గడువు అయిపోగానే లాక్ తిరిగొచ్చేది. ఇంకో రకం ఉంది: అక్కడి కొన్ని రిటైల్ షాపుల ఐఫోన్లు మొదట వేసిన సిమ్ ఏ కంపెనీదైతే దానికే లాక్ అయిపోతాయి. ఇండియా పంపే ముందు 'పనిచేస్తుందో లేదో' అని అన్నయ్య అక్కడి సిమ్ వేసి చూశాడా, అంతే!

బ్లాక్‌లిస్ట్ వేరే కథ. వాయిదాలు ఎగ్గొట్టినా, పోయిందని ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసినా ఐఎంఈఐ ఆ జాబితాకి ఎక్కుతుంది. లాక్ లేకపోయినా ఆ జాబితాని పాటించే నెట్‌వర్క్‌లు సిగ్నల్ ఇవ్వవు.

అందుకే సెకండ్ హ్యాండ్ ఐఫోన్ కొనేటప్పుడు సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి 'క్యారియర్ లాక్' దగ్గర 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉందో లేదో చూడండి. ట్రే తీసి చూడండి. (ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకి ట్రేనే లేదు, ఈ-సిమ్‌తో పరీక్షించుకోవాలి.) అన్నిటికన్నా ముఖ్యం, అమ్మేవాడి ఎదుటే ఫోన్‌ని పూర్తిగా రీసెట్ చేయించి, మీ సిమ్‌తో యాక్టివేట్ చేయించండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. ఎక్కడి ఫోనో కూడా అడగండి. కెనడాలో 2017 డిసెంబర్ నుంచి, బ్రిటన్‌లో 2021 డిసెంబర్ నుంచి లాక్ ఫోన్లు అమ్మకూడదు.

మావాడు మర్నాడే షాపుకి వెళ్లాడు. అసలు కంపెనీతో అన్‌లాక్ చేయించాలంటే మొదటి ఓనర్ బాకీ తీరి ఉండాలి, ఆ ఓనర్ ఎవరో షాపువాడికీ తెలియదు. 'అప్‌డేట్ ఎవడు చేయమన్నాడు నిన్ను?' అన్నాడట.