గాజు లేని గాజుపూస: పాలిమర్ క్లే ఆభరణాలలో మిల్లెఫియోరి అనుకరణ

వ్యాససంగ్రహం:
వెనీస్ సమీపంలోని మురానో ద్వీపపు గాజు పనితనానికి గుర్తుగా నిలిచిన ‘మిల్లెఫియోరి’ పూసలను గత కొన్ని దశాబ్దాలుగా పాలిమర్ క్లే అనే ప్లాస్టిక్ పదార్థంతోనూ తయారు చేస్తున్నారు. ఈ అనుకరణ గాజు పైమెరుపుకు సంబంధించినదా, గాజు పనివాని ప్రక్రియకు సంబంధించినదా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. కడ్డీ నిర్మాణం, కాంతి ప్రవర్తన, పదార్థపు మన్నిక అనే మూడు కోణాల నుంచి ఈ పరిశీలన సాగుతుంది.

కీలకపదాలు: మిల్లెఫియోరి, మురానో, పాలిమర్ క్లే, గాజుపూస, కడ్డీ, అనుకరణ, హస్తకళ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘గాజు’ అనే మాట ఒక పదార్థాన్నీ, ఆ పదార్థంతో చేసి చేతికి తొడుక్కునే ఆభరణాన్నీ సూచిస్తుంది. కాలక్రమంలో ఆభరణం తన పదార్థం నుంచి విడివడింది. బంగారు గాజులు, లక్క గాజులు, ప్లాస్టిక్ గాజులు అన్నప్పుడు ఎవరికీ వైరుధ్యం తోచదు. ఒక పదార్థం పేరు ఒక రూపానికి పేరుగా మారిన సందర్భమిది.

‘మిల్లెఫియోరి’ విషయంలోనూ ఇటువంటి మార్పే జరిగింది. ఇటాలియన్ భాషలో ఈ మాటకు ‘వేయి పూలు’ అని అర్థం. రంగురంగుల గాజు కడ్డీలను అడ్డంగా కోసినప్పుడు కోతముఖంలో కనిపించే చిన్నచిన్న పూల బిళ్ళలను పక్కపక్కన పొదిగి చేసే పనికి ఇది పేరు. నేడు పాలిమర్ క్లేతో పూసలు చేసేవారు కూడా తమ పనిని ఇదే పేరుతో పిలుస్తున్నారు. గాజే లేనిచోట ఈ పేరు చెల్లుతుందా అన్నది మాటల తగాదా మాత్రమే కాదు. చేతిపనితో బతికేవారి గౌరవమూ, కొనేవారి నమ్మకమూ దానితో ముడిపడి ఉన్నాయి.

2. అనుకరణతో మొదలైన గాజు

పాలిమర్ క్లేను ‘నకిలీ గాజు’ అని తోసిపుచ్చేముందు, గాజు కూడా చాలాకాలం మరొకదానికి మారుగానే చలామణి అయిందని గుర్తించాలి. మెసొపొటేమియాకు చెందిన అక్కాడియన్ రాతలలో ‘కొండ రాజావర్తం’, ‘కొలిమి రాజావర్తం’ అనే భేదం కనిపిస్తుంది. మొదటిది గనిలో తవ్వి తీసిన నీలిరాయి. రెండవది ఆ రంగు వచ్చేటట్లు కరిగించి చేసిన గాజు. రెండింటికీ పేరు ఒకటే. అయితే ఎక్కడ పుట్టిందో పేరులోనే చెప్పారు.

క్రీ.పూ. 14వ శతాబ్దపు ఈజిప్టు రాజు తుటాంఖామున్ స్వర్ణ ముఖకవచంలో ఈ రెండూ ఒకేచోట ఉన్నాయి. కనుబొమలు, కంటి అంచులు అసలైన రాజావర్తం. శిరోవస్త్రంపై నీలిచారలు గాజు. రాజు ముఖానికి గాజు వాడటాన్ని ఆనాటి పనివారు లోపంగా భావించి ఉంటే ఈ అమరిక సాధ్యపడేది కాదు.

మిల్లెఫియోరి పద్ధతికి మూలమైన మొజాయిక్ గాజు క్రీ.పూ. 1వ శతాబ్దానికీ క్రీ.శ. 1వ శతాబ్దానికీ మధ్య రోమన్ ప్రపంచంలో విస్తారంగా సాగి, తరవాత క్షీణించింది. 1291లో వెనీస్ పాలకులు గాజు కొలుములను మురానోకు తరలించారు. 15వ శతాబ్దం చివరకు అక్కడ ‘రొసెట్టా’ అనే పొరల పూస రూపొందింది. ఆ ఘనతను సంప్రదాయం మరియా బరోవియేర్ అనే మహిళకు ఆపాదిస్తుంది. పూల బిళ్ళల పొదుగుడు మళ్ళీ జోరందుకున్నది మాత్రం 19వ శతాబ్దంలోనే. 1845లో పియెత్రో బిగాలియా ఈ పనితో చేసిన కాగితపు బరువులను వియన్నాలో ప్రదర్శించాడు. ఫ్రాన్సులోని బకరా, సేన్ లూయీ, క్లిషీ కర్మాగారాలు వెంటనే ఆ దారి పట్టాయి. 1870లలో విన్చెన్సో మొరెత్తి రోమన్ పద్ధతిని మురానోలో పునరుద్ధరించాడు. ఆ శతాబ్దం చివర, తరవాతి శతాబ్దం మొదట వెనీస్ నుంచి పశ్చిమ ఆఫ్రికాకు మిల్లెఫియోరి పూసలు పెద్దఎత్తున ఎగుమతి అయ్యాయి. పాలిమర్ క్లే కళాకారులు ఎక్కువగా అనుకరించేది ఆ ఎగుమతి పూసలనే. దీనికి పదార్థపరమైన కారణం ఒకటుంది. అది నాలుగవ భాగంలో వస్తుంది.

పాలిమర్ క్లే పుట్టుక బొమ్మల తయారీతో ముడిపడినది. జర్మనీలో ప్రసిద్ధ బొమ్మల తయారీదారు కేథె క్రూజె కుమార్తె సోఫీకి ఇంట్లో పిలుపు పేరు ఫీఫీ. 1939 ప్రాంతంలో బొమ్మల తలల కోసం వచ్చిన ఒక ప్లాస్టిక్ పదార్థం ఆ పనికి పనికిరాకపోయినా ఆమె చేతిలో ఆటవస్తువుగా మారింది. 1960లలో దానిని ఎబర్‌హార్డ్ ఫాబర్ సంస్థ తీసుకొని ‘ఫీమో’ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. ఇందులో చిత్రమేమిటంటే, అమెరికాలో ‘స్కల్పీ’గా ప్రసిద్ధమైన ముద్దను కూడా మొదట అనుకున్నది శిల్పానికి కాదు, ట్రాన్స్‌ఫార్మర్లలో వేడిని తరలించడానికి. 1980లలో న్యూయార్క్ కళాకారిణి పియర్ వౌల్కోస్, ఫిలడెల్ఫియాలో ‘సిటీ జెన్ కేన్’ పేరుతో పనిచేసిన స్టీవెన్ ఫోర్డ్, డేవిడ్ ఫోర్లానో వంటివారు ఈ ముద్దతో కడ్డీ పనిని గంభీరమైన ఆభరణకళగా మలిచారు. 1991లో వెలువడిన నాన్ రోష్ గ్రంథం ‘ది న్యూ క్లే’ ఈ పద్ధతులను ఎందరికో అందుబాటులోకి తెచ్చింది.

3. కడ్డీలో దాగిన పువ్వు

మిల్లెఫియోరి పువ్వు గాజు ఉపరితలంపై చిత్రించినది కాదు. కడ్డీ పొడవునా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఆ పువ్వు లోపలే ఉంటుంది. ఎక్కడ కోసినా అదే ముఖం కనిపిస్తుంది. గాజు పనివాడు వేడి గాజు ముద్దను ఇనుపకడ్డీ చివర తీసుకొని, నక్షత్రాకారపు మూసలో ఒత్తి, మరో రంగు గాజులో ముంచి, మళ్ళీ ఒత్తుతాడు. పొరలు పూర్తయ్యాక ముద్దకు రెండో వైపున ఇంకొక ఇనుపకడ్డీ అతికిస్తారు. ఇద్దరు మనుషులు చెరొక కొస పట్టుకొని ఎదురెదురు దిక్కులలో నడుస్తారు. ముద్ద సాగి మీటర్ల పొడవు సన్నని కడ్డీ అవుతుంది. వ్యాసం ఎంత తగ్గినా లోపలి పువ్వు నిష్పత్తి చెడదు. ఈ పని అంతా వెయ్యి డిగ్రీల సెల్సియస్ పరిసరాలలో జరుగుతుంది. గాజు చల్లబడి బిగుసుకునేలోగా ముగియాలి.

వేడి గాజును సాగదీసి పూసలు చేయడం తెలుగు నేలకు కొత్త కాదు. శ్రీకాళహస్తి సమీపంలోని పాపానాయుడుపేట పనివారు గాజును బోలు గొట్టంగా సాగదీసి, ముక్కలు కోసి, తిరిగి వేడిచేసి అంచులు గుండ్రపరిచే పద్ధతిని అమెరికన్ పూసల పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ విపులంగా నమోదు చేశాడు. అరికమేడు వంటి ప్రాచీన స్థలాలలో దొరికిన పూసల తయారీని అర్థం చేసుకోవడానికి ఆ సజీవ పద్ధతి ఆధారమైంది. అక్కడి పూసలు ప్రధానంగా ఒకే రంగువి. వాటిలో పువ్వు ఉండదు. అయినా సాగదీత అన్న సూత్రం ఉమ్మడిది.

పాలిమర్ క్లేలో ఇదే సూత్రం చల్లగా అమలవుతుంది. పేరులో ‘క్లే’ ఉన్నా ఇది మట్టి కాదు. పాలీవినైల్ క్లోరైడ్ సూక్ష్మరేణువులు, వాటిని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ ద్రవం, పూరక పదార్థాలు, రంగులు కలిసిన ముద్ద. పనివారు దానిని చేతులతో పిసికి, సేమ్యా పిండిని పలకలుగా ఒత్తే యంత్రం వంటి రోలర్లలో పలుమార్లు నడిపి పదును చేస్తారు. ఒక రంగు నుంచి మరో రంగుకు క్రమంగా జారే పలకను చేయడానికి జూడిత్ స్కిన్నర్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి ఉంది. రెండు రంగుల త్రికోణాలను ఎదురెదురుగా అమర్చి, ఒకే దిశలో మడిచి మళ్ళీమళ్ళీ రోలర్ల మధ్య నడిపితే చాలు. ఆ పలకను చుట్టి రేకలు చేస్తారు. నడుమ కేసరం, చుట్టూ రేకలు, రేకల మధ్య సందుల్లో అర్ధపారదర్శక ముద్ద పేర్చితే లావు కడ్డీ సిద్ధమవుతుంది.

తరవాత కడ్డీని సన్నగా చేయాలి. లాగితే పదార్థం తెగుతుంది. కనుక నడుమ నుంచి కొసల వైపు ఒత్తుతూ, తిప్పుతూ, నిమురుతూ సన్నగిల్లజేస్తారు. ఘనపరిమాణం మారదు కాబట్టి వ్యాసం సగమైతే పొడవు నాలుగింతలవుతుంది. 5 సెంటీమీటర్ల వ్యాసం, 5 సెంటీమీటర్ల పొడవు గల కడ్డీని 1 సెంటీమీటరు వ్యాసానికి తెస్తే పొడవు 125 సెంటీమీటర్లు. ఒక మిల్లీమీటరు మందంతో కోస్తే లెక్క ప్రకారం 1,250 పూలు రావాలి. ఆచరణలో రెండు కొసలూ వంకరపోయి, వాటిని తీసివేయవలసి వస్తుంది. అనుభవజ్ఞులు ఆ నష్టాన్ని ముందే లెక్కలో వేసుకుంటారు.

ఇక్కడ రెండు పదార్థాల కష్టాలు ఒకదానికొకటి అద్దం పడతాయి. గాజులో అన్ని రంగుల వ్యాకోచ గుణకాలూ కలవాలి. కలవకపోతే చల్లారేటప్పుడు పూస పగులుతుంది. క్లేలో అన్ని రంగుల మెత్తదనమూ కలవాలి. ఒక రంగు మెత్తగా, మరొకటి గట్టిగా ఉంటే ఒత్తిడికి మెత్తనిది పక్కకు జారి రేక ఆకారం చెడుతుంది. గాజు తప్పు చల్లారాక పగులుగా బయటపడితే, క్లే తప్పు మొదటి కోతలోనే కనిపిస్తుంది. పువ్వు ఎలా పుడుతుందో తెలిసినవానికే ఈ రెండు తప్పులూ తెలుస్తాయి. అనుకరణ రూపానికి కాక ప్రక్రియకు చెందుతుందనడానికి ఇది గట్టి ఆధారం.

కోసిన బిళ్ళలను పూస గర్భంపై పొదిగి, అరచేతుల మధ్య దొర్లించి కలిపివేస్తారు. ఉత్పత్తిదారు సూచనను బట్టి సుమారు 110 నుంచి 135 డిగ్రీల వద్ద వేడిచేస్తారు. దీనిని కుండలు కాల్చడంతో పోల్చకూడదు. ఇందులో ఆవిరయ్యే నీరు లేదు. రేణువులు ప్లాస్టిసైజర్‌ను పీల్చుకొని ఉబ్బి, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వేడి చాలకపోతే పూస పెళుసుగా మిగులుతుంది. బాగా మించితే మాడి, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. వంట చేసే ఓవెన్‌ను ఈ పనికి వాడకుండా వేరే ఓవెన్ ఉంచుకోవడం మంచిదని చెప్పేది అందుకే.

4. కాంతి దగ్గర తేడా

ప్రక్రియ అంతా పోలినా, పూసను వెలుగులోకి పట్టుకున్న క్షణంలో తేడా తేలిపోతుంది. ఆశ్చర్యకరంగా దీనికి వక్రీభవన గుణకం కారణం కాదు. సాధారణ సోడా గాజుకు అది సుమారు 1.52, పాలీవినైల్ క్లోరైడుకు సుమారు 1.53. రెండూ దాదాపు సమానమే. తేడా అంతా చెదరడంలో ఉంది. గాజు ఒకే ఎడతెగని పదార్థం. అందులో కాంతికి అడ్డు తగిలే సరిహద్దులు లేవు. క్లేలో పూర్తిగా కలిసిపోని రేణువులు, పూరకాలు, సూక్ష్మమైన ఖాళీలు అడుగడుగునా కాంతిని చెదరగొడతాయి. అందువల్ల ‘పారదర్శక’ క్లే అన్నది నిజానికి మంచుపొర వంటి అర్ధపారదర్శకతనే ఇస్తుంది.

పనివారు దీనిని తగ్గించే ఉపాయాలు కనుగొన్నారు. అర్ధపారదర్శక పొరను కాగితమంత పలచగా కోస్తారు. ఓవెన్ నుంచి తీసిన వెంటనే మంచునీటిలో వేస్తారు. 400 నుంచి 2,000 సంఖ్య దాకా నీటి గరుకు కాగితాలతో వరసగా రుద్ది, గుడ్డచక్రంతో మెరుగు పెడతారు. కొందరు పైన రెజిన్ పూత వేస్తారు. ఈ చివరి ఉపాయం అంత మెచ్చదగినది కాదు. పూత మెరుపునిస్తుంది కానీ లోతునివ్వదు. పైగా పూస ముఖంపై వేరే పదార్థపు తొడుగుగా మిగులుతుంది. ఓపికగా రుద్దిన పూస మెరుపు తన పదార్థం నుంచే వస్తుంది.

ఆఫ్రికా ఎగుమతి పూసలనే ఎందుకు ఎక్కువగా అనుకరిస్తారన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడ దొరుకుతుంది. ఆ పూసలలో అత్యధికం అపారదర్శక గాజుతో చేసినవి. ఏళ్ళ తరబడి ధరించడం వల్ల వాటి మెరుపు మందగించి, నునుపైన మసక ముఖం ఏర్పడింది. క్లేకు సహజంగా వచ్చేదీ ఆ ముఖమే. నిర్మలమైన మురానో గాజులో తేలే పువ్వును క్లే అందుకోలేదు. అరిగిన పాత పూసను మాత్రం చూపుకు తేడా తెలియనంతగా అందుకుంటుంది.

చూపు మోసపోయినా చర్మం మోసపోదు. గాజు ఉష్ణవాహకత పాలీవినైల్ క్లోరైడుకు ఇంచుమించు 5 నుంచి 6 రెట్లు. అందుకే గాజుపూసను చెంపకు తాకిస్తే చల్లగా ఉంటుంది. క్లే పూస తాకిన కొద్ది క్షణాలలో ఒంటి వెచ్చదనాన్ని పొందుతుంది. బరువు కూడా సాక్ష్యం చెబుతుంది. గాజు సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.5 గ్రాములు కాగా శుద్ధ పాలీవినైల్ క్లోరైడుది 1.4 మాత్రమే. రెండు గాజుపూసలు తగిలినప్పుడు వినవచ్చే సన్నని మోత క్లేలో పుట్టదు. బరువైన హారాలు, పెద్ద చెవిపోగులు క్లేతో సాధ్యమైనది కూడా ఈ తేలికదనం వల్లనే. అక్కడ అనుకరణ తన మాతృకను దాటి సొంత రూపాలకు వెళ్ళింది.

5. పేరు, వెల్లడి, మన్నిక

ప్రక్రియ ఉమ్మడిదైతే పేరు కూడా ఉమ్మడి కావడంలో అన్యాయం లేదు. ‘మిల్లెఫియోరి’ ఒక పద్ధతి పేరు. ‘మురానో’ ఒక స్థలం పేరు. మొదటిదానిని క్లే కళాకారుడు నిర్భయంగా వాడవచ్చు. రెండవదానిని వాడితే అది అబద్ధం. వెనెతో ప్రాంత ప్రభుత్వం 1994లో చేసిన చట్టంతో మురానో కళాత్మక గాజుకు ప్రత్యేక వ్యాపార చిహ్నాన్ని ఏర్పాటు చేసింది. ఆ చట్టం ప్రధానంగా ఎదుర్కొన్న ముప్పు ప్లాస్టిక్ పూసలు కావు. ఇతర దేశాలలో చౌకగా తయారై ద్వీపం పేరుతో అమ్ముడుపోయే గాజువస్తువులు. పదార్థం నిజమైనా పుట్టుక అబద్ధం కావచ్చు. పదార్థం వేరైనా పుట్టుక చెప్పుకున్న పూసలో మోసం ఉండదు. ‘కొలిమి రాజావర్తం’ అని రాసిన లేఖకుడు పాటించినదీ ఈ భేదమే.

వెల్లడికి మరో అవసరమూ ఉంది. గాజు శతాబ్దాలు నిలుస్తుంది. ప్లాస్టిసైజర్ కలిసిన పాలీవినైల్ క్లోరైడ్ మ్యూజియం పరిరక్షకులను కలవరపెట్టే ప్లాస్టిక్కులలో ఒకటి. ప్లాస్టిసైజర్ క్రమంగా ఉపరితలానికి చేరి జిగురుగా మారవచ్చు. కొన్ని ప్లాస్టిక్ పెట్టెలను మెత్తబరచవచ్చు. గోళ్ళ రంగు పూసిన పూసలు కాలక్రమంలో అంటుకొనేంత మెత్తబడటం పనివారికి తెలిసినదే. పిల్లల ఆటవస్తువులలో కొన్ని థాలేట్లపై ఐరోపా సమాఖ్య 2005లో పరిమితులు విధించిన దరిమిలా ప్రధాన సంస్థలు తమ ముద్దల కూర్పును మార్చాయి. అందువల్ల 1980లలో చేసిన పూస, నేటి పూస ఒకే పేరుతో ఉన్నా ఒకే విధంగా వయసు మీరకపోవచ్చు. పూస వెంట తయారీ సంవత్సరం, ముద్ద పేరు నమోదై ఉంటే దానిని భద్రపరిచేవారికి అది ఎంతో అక్కరకొస్తుంది. ఇటువంటి నమోదు అలవాటు ఈ రంగంలో ఇంకా బలపడవలసి ఉంది.

ఈ పదార్థానికి సంస్థాగత గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉన్న రసీన్ ఆర్ట్ మ్యూజియం పాలిమర్ ఆభరణాలకు ప్రత్యేక సేకరణను నిర్మించి, 2011లో ‘టెర్రా నోవా: పాలిమర్ ఆర్ట్ ఎట్ ది క్రాస్‌రోడ్స్’ అనే ప్రదర్శనను ఏర్పాటు చేసింది. ఆ శీర్షికలో గాజు ప్రసక్తి లేదు. ‘క్లే’ అన్న మాటా లేదు. కళాకారులలో పలువురు కూడా ఇప్పుడు తమ పదార్థాన్ని వట్టి ‘పాలిమర్’ అనే పిలుస్తున్నారు.